ఆఖరి బెంచీ అవ్వ

జమ్మలమడుగు చర్చిలో ఆ అవ్వను చూసింది ఒక్క ఆదివారమే. పేరైనా అడగలేదు.

స్నేహితురాలి బిడ్డకు బాప్తిస్మమని ప్రొద్దుటూరు నుంచి వెళ్లాను. అంతవరకూ మా ఇంట్లో ఎవరూ చర్చి గడప తొక్కలేదు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ల వైపు ఆఖరి బెంచీలో ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని నా వైపు చూసింది. నేనూ కప్పుకున్నాను. "ఏం భయపడాకు పాపా. నేను లేస్తే లెయ్యి, నేను కూచుంటే కూచో," అంది.

ముందు బెంచీ పట్టుకుని మెల్లగా లేచేది. నేను లేచానో లేదో చూసుకున్నాకే పాట అందుకునేది. పాటల పుస్తకం నా చేతిలో పెట్టి, పాడుతున్న లైను కింద వేలు జరిపేది. తను మాత్రం పుస్తకం చూసేది కాదు.

బిడ్డ బాప్తిస్మం అయ్యాక అవ్వ లేచి, ముందు రొట్టె, ద్రాక్షారసం పెట్టిన బల్ల వైపు కదిలింది. నేనూ వెంట నడవబోయాను.

"ఆగు పాపా. నెలకొకసారి ఇచ్చే రొట్టె ఇది. బాప్తిస్మం తీసుకున్నోళ్లకే ఇస్తారు," అంది. బెంచీలన్నీ ఖాళీ అవుతున్నాయి. నా మొహం చూసి ఆమె మళ్లీ కూర్చుంది.

"నువ్వు పో అవ్వా," అన్నాను.

"ఇంతసేపూ నన్ను జూసి లేస్తివి, కూచుంటివి. ఇప్పుడు నిన్నొక్కదాన్నే ఇడిసిపెట్టి ఎట్ల పోయేది?"

అందరికీ ఇచ్చాక పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని మా బెంచీ దాకా వచ్చారు. ఆమెకు అవి ఇచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆయన వెనక్కి తిరగ్గానే అవ్వ మోకాళ్లు రుద్దుకుంటూ, "మంచిదే అయింది పాపా. నువ్వొచ్చినందుకు నాకు నడిచే పని తప్పె," అంది.