హెడ్‌లైట్లకు కొత్త తీగలు

మా నల్ల కారును ఫిల్మ్ నగర్‌లో "పెద్దాయన బండి" అంటారు. పెద్దాయనంటే నేను. మా నాన్న కొన్న కారది, నాకంటే నాలుగేళ్లు చిన్నది. పాతకాలపు కథలతో సినిమాలు తీసేవాళ్లు దాన్ని కిరాయికి పిలిచినప్పుడల్లా నన్నూ పిలుస్తారు. దాని గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉంటుంది, అది వేయడం ఇప్పటి హీరోలకే కాదు, డ్రైవర్లకూ చేతకాదు. అందుకని దిగే షాట్ హీరో మీద తీసి, నడిపే షాట్‌కు హీరో కోటు, హీరో విగ్గు నాకు తగిలించి వెనకనుంచి తీస్తారు. అరవై దాటాక కూడా ముగ్గురు కుర్ర హీరోలకు వీపునయ్యాను. ముఖం లేని వేషమే అయినా, నిజం చెప్పాలంటే నాకు మిగిలిన గర్వం అదొక్కటే.

పోయిన వేసవిలో షేక్‌పేట వైపున్న ఒక పాత బంగళా ముందు, పొద్దు వాలాక ఒక షాట్ పెట్టారు. కారు ఎక్కడ ఆగాలో నేల మీద ముగ్గుపిండితో గీత గీశారు. ఆ గీత నాకు కనపడలేదు. దాన్ని దాటి రెండు గజాలు పోయి, లైటు స్టాండును తాకి ఆగాను. స్టాండు పట్టుకున్న మనిషి పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది.

"లైట్లు మరీ గుడ్డివైపోయాయి, పాత బండి కదా" అన్నాను. అందరూ నమ్మారు. అందరికంటే ముందు నేను నమ్మాను. గీత మీద బండి ఆపలేని వాణ్ని మరోసారి పిలవరు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి ఈ ముచ్చటంతా చెబితే మా ఆవిడ కూర కలుపుతూనే, "ఏమండీ, ముందు కళ్లు చూపించుకోకూడదూ? బంజారా హిల్స్ కంటి ఆస్పత్రి ఎంత దూరమని!" అంది. తప్పు బండిదైతే కళ్లనెందుకంటావని కసురుకున్నాను. ఈ మధ్య కసురుకోవడానికి కూడా ఓపిక ఉండడం లేదు, అయినా కసురుకున్నాను.

పాత బండ్ల వైరింగ్ తెలిసినవాడు షేక్‌పేటలో ఒకడే ఉన్నాడు. నా ఈడువాడే. జూబ్లీహిల్స్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు వచ్చి, బానెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు దగ్గర ఒకసారి మీటరు పెట్టి చూశాడు.

"బ్యాటరీ కాడ పన్నెండున్నర వోల్టులు ఉన్నది సార్. బల్బు కాడికి పదే వస్తున్నది. నడుమ గీ తీగలే తింటున్నయ్" అన్నాడు.

ఆ మాటకు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. దోషి దొరికాడు. పాత పద్ధతిలో బల్బుకు పోవలసిన కరెంటంతా డ్యాష్‌బోర్డులోని స్విచ్చు దాకా వచ్చి, చుట్టు తిరిగి వెళ్లాలి. రిలే పెడితే ఆ చుట్టుతిరుగుడు ఉండదు. అది అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా. స్విచ్చు దానికి సైగ చేస్తే చాలు, అదే బ్యాటరీ నుంచి లావు తీగ మీదుగా నేరుగా బల్బుకు కరెంటు వదులుతుంది. డిమ్ లైటుకొకటి, బ్రైట్ లైటుకొకటి, రెండు రిలేలు కావాలన్నాడు. బల్బులు కూడా ఎక్కువ వెలుగిచ్చేవి తెచ్చాడు.

రెండు రోజుల పని. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని సామాను అందించాను. సినిమావాళ్లు బానెట్ తెరిచి కూడా తీస్తారు కాబట్టి, కొత్తదేదీ కంటికి ఆనకూడదని నా పట్టుదల. రిలేలను ముందు జాలీ వెనక దాచి, కొత్త తీగలన్నిటికీ నల్ల గుడ్డ టేపు చుట్టించాను. వంగి లేచి, వంగి లేచి నడుము పట్టేసింది. మధ్యలో అతను ఎర్ర తీగ అడిగితే కాఫీ రంగుది అందించాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే అందించాను. నా వంక ఒకసారి చూసి, తానే లేచి ఎర్రది తీసుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం స్విచ్చు వేశాం. మా సెల్లార్‌లో పగలు కూడా చీకటే. ఎదురుగా వస్తున్న వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టుకుని, "అబ్బో, బంద్ చెయ్యుండ్రి సార్, కండ్లు పోతున్నయ్!" అని అరిచాడు. నాకు మాత్రం దూది పింజలాంటి తెల్లటి మసక తప్ప ఏమీ తెలియలేదు.

"ఆ గోడ మీదేం రాసుందో జర చదువుండ్రి సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్.

సెల్లార్ గోడల మీద ఇంకేం రాస్తారని, "నో పార్కింగ్" అన్నాను ధీమాగా. వాచ్‌మన్ నవ్వబోయి ఆగాడు. అక్కడున్నది ఫ్లాటు నంబరట.

ఎలక్ట్రీషియన్ బల్బు దగ్గర మీటరు పెట్టి మళ్లీ చూశాడు. "ఇప్పుడు పన్నెండు దాటింది సార్. బండి కాడ నా పని అయిపోయింది" అన్నాడు మెల్లగా. ఆ మాటలో ఉన్నదంతా అర్థమైంది. అర్థం కానట్టు తలూపి, మెట్లెక్కి పైకి వెళ్లి పడుకున్నాను. మా ఆవిడ అడిగితే లైట్లు భేషుగ్గా వచ్చాయన్నాను.

పది రోజులకు మళ్లీ అదే బంగళాకు పిలుపు వచ్చింది. వెళ్లాను. సిగ్గు లేకుండా వెళ్లాను. సాయంత్రం ఆరున్నరకు కోటు తొడిగారు, విగ్గు పెట్టారు. ఈసారి గీత లేదు. గేటు దగ్గర హీరోయిన్ నిలబడి ఉంటుంది, నేను వేగంగా వచ్చి ఆమెకు రెండు బారల దూరంలో ఆపాలి.

ఇంజను వేసి లైట్లు వెలిగించాను. అసిస్టెంట్ డైరెక్టర్ కిటికీ దగ్గరకు వచ్చి, "అమ్మాయి నిలబడింది పెద్దాయనా, కనిపిస్తోందిగా?" అని అడిగాడు.

గేటున్న చోట వెలుగు కనిపించింది. అమ్మాయి కనపడలేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. లేదు. గేరు రాడ్డు మీదనుంచి చెయ్యి తీసేశాను. అంత భయం నాకెన్నడూ వేయలేదు. ఇంజను ఆపేశాను.

"లైట్లు బాగు చేయించానన్నారు కదండీ?"

"లైట్లు బాగానే ఉన్నాయి బాబూ. నాకే కనపడడం లేదు."

విగ్గు తీసి అతని చేతిలో పెట్టి దిగాను. యూనిట్ వాళ్లు తమలో తాము కాసేపు మాట్లాడుకుని, వేగం సంగతి తర్వాత చూసుకుందామని, హీరోనే కారులో కూర్చోబెట్టారు. గేరు అక్కర్లేదు, ఇంజనూ అక్కర్లేదు. అతను స్టీరింగు, బ్రేకు చూసుకుంటే చాలు, వెనకనుంచి మనుషులు తోస్తారు.

తోయడానికి ముగ్గురు వచ్చారు. పాతకాలపు ఇనుము, ముగ్గురికి కదలలేదు. ఒడ్డున నిలబడి చూడలేక నేనూ వెళ్లి డిక్కీ మీద చేతులు ఆనించాను. అరవై రెండేళ్లుగా మా ఇంట్లో ఉన్న బండిని వెనకనుంచి తోయడం అదే మొదటిసారి. బండి కదిలింది. ముందు రోడ్డంతా తెల్లగా వెలిగిపోతోందని పక్కనున్నతను మెచ్చుకున్నాడు.

కెమెరా దగ్గరనుంచి ఎవరో కేకేశారు: "వెనక ఆ కోటు వేసుకున్నాయనెవరు? తల కనిపిస్తోంది, వంగమనండి!"

ఇంకాస్త వంగి తోశాను.