కన్సెప్టా గెరటీ స్నానాలగది

అట్రాక్టా గెరటీ తన ఉద్యోగమంతా ఒక్క మాట మీద నెట్టుకొచ్చింది. "డెప్యూటీ గారు మీ కోసం స్వయంగా మాట్లాడారండి." అంతే ఆ మాట.

మా కిల్‌తావ్నాలో పార్లమెంటు సభ్యుణ్ణి డెప్యూటీ అంటాం. మా డెప్యూటీ మాలకీ టూహీ. డబ్లిన్ సభలో ఆయన ఏం మాట్లాడాడో రికార్డులు తిరగేస్తే ఒక టీ చల్లారేలోగా చదివెయ్యవచ్చు. మాట్లాడిన ఆ కాస్తా మా ఏటి గట్టు గురించీ, మా ఆసుపత్రిలో పడకల గురించీ. దేశం ఎటు పోతోందో ఆయనకి పట్టదు, మా ఊరి మురుక్కాలవ ఎటు పోతోందో మాత్రం బాగా పట్టింపు. అందుకే మేం ఆయన్ని ఐదుసార్లు గెలిపించాం. దేశం సంగతి చూసుకోవడానికి వేరే ఊళ్ళవాళ్ళు ఎన్నుకున్నవాళ్ళు ఉన్నారు కదా.

శనివారం పొద్దున హెషన్ గారి పబ్బు వెనకగదిలో ఆయన కొలువు. పింఛను రానివాడు, రోడ్డు గుంటలో కారు ఇరుసు విరిగినవాడు, తల్లి కంటి ఆపరేషన్‌కి తేదీ దొరకనివాడు వరసగా కూర్చుంటారు. మాలకీ ప్రతివాడి చెయ్యీ తన రెండు చేతుల్లోకీ తీసుకుని, గొంతు తగ్గించి, "ఇది మన మధ్యనే ఉండనీ. నేను చూసుకుంటాను" అంటాడు. గొంతు తగ్గించేది పక్కవాడు చెవులు రిక్కించి వినాలని. ఆయన సెక్రటరీ అట్రాక్టా పక్కనే కూర్చుని పేర్లు రాసుకుంటుంది, టీ పోస్తుంది.

అసలు పని సోమవారం. జిల్లా కౌన్సిల్లో ఎవరికేం మంజూరైందో ఆ సంగతి, ఉత్తరాలు పోస్టులో పడకముందే డెప్యూటీ ఆఫీసుకి తెలుస్తుంది. ఉత్తరం రేపు వస్తుందనగా ఇవాళ అట్రాక్టా ఫోను చేస్తుంది. "డెప్యూటీ గారు మీ కోసం స్వయంగా మాట్లాడారండి. రాత్రి సరిగా నిద్ర కూడా పోలేదు పాపం. రేపు ఉత్తరం వస్తుంది, చూసుకోండి." ఇంటి కప్పు మరమ్మతుకీ ఆ మాటే, వినికిడి యంత్రానికీ ఆ మాటే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. మంజూరు కానివాళ్ళకి మాత్రం ఫోను ఉండదు. మంచి కబురు మాలకీది, చెడ్డ కబురు ప్రభుత్వానిది.

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ అందరికీ తెలిసిందే. ఆ ముసలమ్మ పాపం నిజంగా నమ్మింది. మాలకీకి అలాంటి భ్రమలేం లేవు, ఊరు నమ్మితే ఆయనకి చాలు. అట్రాక్టాకి ఇదంతా తెలుసు, తెలిసే లోలోపల నవ్వుకునేది. క్రిస్మస్ వచ్చిందంటే ఊరు ఆయన గుమ్మంలో టర్కీ కోళ్ళు పెట్టి పోయేది. వాటిలో ఒకటి అట్రాక్టా ఇంటికి వచ్చేది. ఆ కోడిని ఆమె ఒక్కతే తినాల్సి వచ్చేది.

ఎందుకంటే ఇంట్లో అక్క ఉంది. కన్సెప్టా. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు, నాన్న కట్టిన రెండంతస్తుల ఇంట్లో ఇద్దరే ఉండేవారు. అంతర్యుద్ధంలో వీళ్ళ తాత ఒక పక్క, మాలకీ తాత ఇంకో పక్క. ఆ యుద్ధం దేశంలో ఎప్పుడో ముగిసింది గానీ కన్సెప్టా వంటింట్లో ముగియలేదు. చెల్లెలు టూహీల దగ్గర పనికి చేరిన ఏడాదంతా ఆమె మాట్లాడలేదు. ఉప్పు అందించమనాలన్నా కుక్కకి చెప్పేది. తరవాత మాటలు కలిశాయి గానీ ఆ పేరు మాత్రం ఎత్తేది కాదు. "ఆ మనిషి" అనేది. "మనిషికి రావలసింది మనిషికి వస్తుంది. మధ్యలో ఒకడి కాళ్ళు పట్టుకోవడం దేనికి?" ఇదీ ఆమె సిద్ధాంతం.

అలాంటి కన్సెప్టా ఒక ఫిబ్రవరిలో మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, జిల్లాకి ఆ చివర ఉన్న వృద్ధుల నర్సింగ్ హోములో పడేశారు. డాక్టర్ తేల్చి చెప్పాడు. మెట్లెక్కకూడదు, ఇంట్లో కింద స్నానాలగది ఉంటే పంపిస్తాం, లేకపోతే ఇక్కడే. ఇంట్లో కింద ఉన్నది ముందుగది, వంటిల్లు, బొగ్గుల కొట్టు. ఆ బొగ్గుల కొట్టుని స్నానాలగదిగా మార్చుకోవడానికి కౌన్సిల్ సాయం చేస్తుంది, దరఖాస్తు పెట్టుకుంటే.

ఊళ్ళోవాళ్ళకి ఇలాంటి దరఖాస్తులు నింపీ నింపీ అరిగిన చెయ్యి అట్రాక్టాది. నింపి పోస్టులో వేసింది. మాలకీకి చెప్పలేదు. అక్క ఒప్పుకోదన్నది ఒక కారణం. "ఆ మనిషి ఇప్పించిన గదిలో నేను ఒళ్ళు తోముకోను. అలాంటిదేమైనా చేశావో, సుత్తి పెట్టి పగలగొట్టించి మళ్ళీ ఇక్కడికే వస్తా" అని కన్సెప్టా పడక మీంచే హెచ్చరించింది. అన్నదంటే చేసే మనిషి. చర్చి ఫాదరు ప్రసంగంలో టూహీల గురించి ఒక మంచిమాట జారాడని, ఆయన బదిలీ అయ్యేదాకా పక్కూరి చర్చికి నడిచి వెళ్ళిన మనిషి. ఇక రెండో కారణం అట్రాక్టా సొంతం. మాలకీ చెప్పినా చెప్పకపోయినా ఒకటేనని ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఈస్టరు పోయింది. ఎండలు వచ్చాయి, అంటే మా చలిదేశంలో కాసే ఎండలు. తరవాత పెట్టుకున్నవాళ్ళకి ముందు మంజూరవుతోంది, వాళ్ళకి ఫోను చేసేది అట్రాక్టాయే. ఆదివారమల్లా బస్సులు మారి అక్క దగ్గరికి వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా కన్సెప్టా ఇంకాస్త చిక్కి కనబడేది. ముందు పేపరు చదవడం మానేసింది. ఆ తరవాత, టీ చల్లగా తగలడిందని నర్సుల్ని తిట్టడం కూడా మానేసింది. టీని తిట్టని కన్సెప్టా ఎక్కువ రోజులు బతకదు.

మర్నాడే కౌన్సిల్లో గుమాస్తా ఎండా మల్వీకి ఫోను చేసింది. వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకునేవాళ్ళే.

"ఎండా, కన్సెప్టా గెరటీ అని ఒక ఫైలుంది, చూడు నాయనా."

"ఉందండీ. అన్నిటికన్నా అడుగున ఉంది."

"అడుగునెందుకుంది?"

"దాని మీద ఎవరి పేరూ లేదండీ. మిగతా వాటన్నిటి మీదా ఎవరో ఒక డెప్యూటీ పేరుంది. పేరున్నవాటికి ఫోన్లొస్తుంటాయి కదా, అవి ముందు చూస్తాం. ఇదొక్కటే ఒంటరిగా వచ్చింది. వీళ్ళకంత తొందర లేదు కాబోలనుకున్నాం." ఆ వెంటనే తనే, "పోనీ మాలకీ గారి పేరు రాసెయ్యమంటారా?" అన్నాడు.

"ఆయన్నడిగి చెప్తాలే" అని అట్రాక్టా ఫోను పెట్టేసింది. అడక్కుండా రాయిస్తే లాభం లేదు. సోమవారం మంజూరైనవాళ్ళలో అక్క పేరు మాలకీ కంట పడుతుంది, ఆయన సంబరంగా కన్సెప్టాకే ఫోను చేయిస్తాడు.

ఫోను పెట్టేశాక ఆమెకి తెలిసొచ్చింది. వట్టి తాటాకు చప్పుళ్ళని ఇన్నాళ్ళూ తను నవ్వుకున్న చప్పుళ్ళకే అక్కడ ఫైళ్ళు కదులుతున్నాయి. అందరూ అడుగుతుండబట్టి, అడగనివాళ్ళు అడుగున పడ్డారు. అడిగితేనే వస్తుందని ఊరందరికీ నూరిపోసింది ఎవరు? తనే. అక్కని ఆ అడుగుకి తోసింది తనే. అట్రాక్టాకి ఏడుపొచ్చింది. టైపు మిషను ముందే కూర్చుని ఏడ్చింది కూడా.

శనివారం జనమంతా వెళ్ళిపోయాక మాలకీ టోపీ అందుకుంటూ, "ఇంకెవరున్నారు?" అన్నాడు.

"నేనున్నాను" అని అట్రాక్టా కుర్చీ మార్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

సంగతంతా విన్నాడు. విని, ఆమె చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇది మన మధ్యనే ఉండనీ, అట్రాక్టా. నేను చూసుకుంటాను."

"నా దగ్గర కూడా ఇదే పాటా?"

"నాకింకో పాట రాదు" అన్నాడు మాలకీ.

"ఒక్క షరతు. అక్కకి తెలియకూడదు. ఎప్పటికీ."

మాలకీ చెయ్యి వదిలేశాడు. "చేసిన పని చెప్పుకోవద్దంటావా? చెప్పుకోకపోతే అసలది చేసినట్టేనా?"

"చెయ్యనివి బోలెడు చెప్పుకున్నారుగా. ఒక్కటి చేసి ఊరుకోండి."

మాలకీ ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. "ఆవిడ ఓటు ఎలాగూ నాకు రాదులే" అని తనకి తనే నచ్చజెప్పుకుని, చివరికి సరేనన్నాడు.

సోమవారం తనే కౌన్సిలుకి ఫోను చేశాడు. ఆయన స్వయంగా ఫోనెత్తడం అట్రాక్టా అదే మొదటిసారి చూడడం. నంబరు ఆమెనే అడగాల్సి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఊరికంతటికీ చెప్పిన ఆ మాట చివరికి నిజమైంది, తీరా నిజమయ్యాక చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

త్వరలోనే మంజూరైంది. ఆ వారం కన్సెప్టాకి ఫోను వెళ్ళలేదు. ఒట్టి ఉత్తరమే వెళ్ళింది. ఆపిల్ పళ్ళు రాలే వేళకి ఆమె ఇంటికొచ్చేసింది. బొగ్గుల కొట్టులో తెల్ల పలకలు, గోడకి పట్టుకోవడానికి కమ్మీ, కూర్చుని స్నానం చెయ్యడానికి పీట.

"చూశావా" అనేది ఆ పీట మీద కూర్చుని. "ఎవడి కాళ్ళూ పట్టుకోలేదు. మనిషికి రావలసింది మనిషికి వచ్చింది. కాస్త ఆలస్యమైంది, ఎందుకంటే కాళ్ళు పట్టుకునేవాళ్ళు ముందుకి తోసుకుపోతారు."

"అవునక్కా" అనేది అట్రాక్టా వీపు తోముతూ.

"ఇన్నేళ్ళు ఆ మనిషి దగ్గర చాకిరీ చేశావు. నువ్వు సాధించిందేమిటి?"

"ఏం లేదక్కా."

"వేడి కాస్త పెంచు."

ఎన్నికలొచ్చాయి. మా దగ్గర ఓటంటే ఒక్కడికే కాదు, ఒకటి, రెండు, మూడు అని ఎందరికైనా వరస పెట్టుకోవచ్చు. గెలుపోటములు చాలాసార్లు ఆ మూడో అంకె దగ్గరే తేలుతాయి. ఈసారి గాలి మాలకీకి ఎదురుగా వీస్తోంది. అందుకని ఆయన చేసిన ఘనకార్యాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. అందులో ఏటి గట్టు, ఆసుపత్రి పడకలు, చర్చి ముందు దీపం అన్నీ ఉన్నాయి. సూర్యోదయం ఒక్కటే తప్పిపోయింది. పక్కన గొడుగు పట్టుకుని అట్రాక్టా.

తన ఇంటి గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. "ఈ ఇల్లు వదిలేద్దామండీ. ఎప్పుడూ వదిలేసేదేగా."

"ఎప్పుడూ గెలిచేవాణ్ణి" అని మాలకీ గేటు తోసేశాడు.

కన్సెప్టా నడిచే చట్రం పట్టుకుని తనే తలుపు తీసింది. "ఏరా మాలకీ. మా నాన్న పోయినప్పుడు కూడా గేటు దాటి రాలేదు. ఇవాళ గుమ్మం దాకా వచ్చావే."

"ఓటడగడానికొచ్చానమ్మా."

"అడుగు, తప్పేముంది. ఈ ఇంటికి నువ్వేం చేశావో అదొక్కటీ చెప్పి అడుగు."

ఆమె వెనకాల స్నానాలగది తలుపు బార్లా తీసి ఉంది. తెల్ల పలకలు మెరుస్తున్నాయి. మాలకీ చూపు అక్కడికి పోయి అక్కడే నిలబడిపోయింది. అట్రాక్టా చేతిలో గొడుగు పక్కకి వాలి, నీళ్ళు ఆయన టోపీ మీద కారాయి. ఆమెకి ఆ నోరు బాగా తెలుసు. కురవని వానకి కూడా దండ వేయించుకున్న నోరు. ఆ నోరు తెరుచుకుంది.

"ఏం చెయ్యలేదమ్మా" అన్నాడు మాలకీ. "ఈ ఇంటికి నేను చేసిందేం లేదు."

కన్సెప్టా ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "నాకు బుద్ధెరిగాక నీ నోట నిజం వినడం ఇదే" అంది. "నా మొదటి అంకె మావాళ్ళకి. రెండోదీ మావాళ్ళకే. మూడోది ఖాళీగా ఉంది. నిజం చెప్పావు కాబట్టి అది నీకు వేస్తాను. లోపలికి రా, తడిసిపోతున్నావు. చేతులు కడుక్కుంటావా, అదిగో ఆ గదిలో కడుక్కో. ఎవడి దయా లేకుండా వచ్చింది."

మాలకీ అందులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి అంతసేపు పట్టదు గానీ, కుళాయి చాలాసేపు పారింది. ఈలోగా అట్రాక్టా టీ పోసి తెచ్చింది.

కన్సెప్టా ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "చల్లగా తగలడింది. వచ్చినవాడు శత్రువైనా సరే, ఇలాంటి టీ ఇస్తారుటే?"

అట్రాక్టాకి ప్రాణం లేచొచ్చింది. కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.