బూట్లతో పడవెక్కిన రోజు

మొన్న రాజాం నుంచి శ్రీకాకుళం బస్సులో వస్తుంటే ఉన్నట్టుండి అందరి సెల్‌ఫోన్లూ ఒక్కసారిగా కీచుమని అరిచాయి. నా పక్కనున్న కాలేజీ అమ్మాయి ఉలిక్కిపడి ఫోను జారవిడిచింది, ముందు సీటులోని ధాన్యం వ్యాపారి "ఏటిది, ఏటిది" అంటూ జేబులు తడుముకున్నాడు. తీరా చూస్తే విపత్తులు వచ్చినప్పుడు హెచ్చరించడానికి పెట్టిన ఏర్పాటును పరీక్షిస్తున్నారట, ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదట. అందరూ నవ్వుకుని మళ్ళీ కునికిపాట్లలో పడ్డారు గానీ నాకు మాత్రం మళ్ళీ కునుకు పట్టలేదు. పరీక్ష అన్న మాట వింటే చాలు, ఇప్పటికీ మా మేనల్లుడి మొహం నెత్తుటితో సహా కళ్ళ ముందుకు వస్తుంది.

సముద్రం దారిన వచ్చిన ఉగ్రవాదులు పడమటి తీరపు మహానగరంలో జనాన్ని కాల్చి చంపాక, దేశమంతా తీరం వంక అనుమానంగా చూడసాగిన రోజులు మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. రెండువేల పది దాటిన ఆ తొలి ఏళ్ళలో నేను తీరం కాపలా చూసే పోలీసు స్టేషనులో హెడ్‌కానిస్టేబుల్‌ని. నౌపడ ఉప్పుమడుల అవతల నుంచి మొదలుపెట్టి ఊరూరా తిరిగి జాలర్లకు ఉపన్యాసాలివ్వడం నా పని. వలలు బాగుచేసుకుంటున్న మనుషులను ఇసుకలో కూర్చోబెట్టి, కొత్త మొహాలు కనబడితే వదలొద్దు, మేం పోలీసులమే అంటారు, కార్డులు కూడా చూపిస్తారు, నమ్మొద్దు అని గొంతు చించుకునేవాణ్ణి. మాకు ఫోను చెయ్యండి అని కూడా చెప్పేవాణ్ణనుకోండి, కానీ ఆ మాట ఆఖర్న వచ్చేది, అప్పటికి సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. అన్ని స్టేషన్ల వాళ్ళమూ ఇదే పాట పాడేవాళ్ళం.

ఆ పాట జనానికి ఎంతవరకు ఎక్కిందో చూడడానికి ఏడాదికి రెండుసార్లు ఒక పరీక్ష జరిగేది, దాన్ని కసరత్తు అనేవాళ్ళం. ఒక స్టేషను వాళ్ళు ఉగ్రవాదుల్లా మారువేషాలు వేసుకుని, తమ మొహం ఎరగని మరో స్టేషను తీరంలో దిగాలి, అక్కడి వాళ్ళు పట్టుకోవాలి. ఊరి జనానికి ముందుగా చెప్పరు. ఒక ఏడు ఆ వేషం నాకు పడింది. తోడుగా ఎవరు కావాలని అడిగితే మా అక్క ఒక్కగానొక్క కొడుకును, కొత్తగా కానిస్టేబులైన మా మేనల్లుణ్ణి, నేనే కోరి తీసుకున్నాను. సరదాగా ఉంటుందిలేరా అన్నాను. నా నోరు పడిపోను!

పడవ ఎక్కేటప్పుడు దాన్ని నడిపే జాలరి మమ్మల్ని బూట్లు విప్పమన్నాడు. పడవంటే వాళ్ళకు గంగమ్మ తల్లి ఇచ్చిన అన్నం పళ్ళెం, అందులో ఎవరూ చెప్పులతో కాలు పెట్టరు. ఒడ్డెక్కాక పరిగెత్తొద్దా ఏమిటయ్యా అని నేను కసిరితే పాపం అలాగే ఎక్కించుకున్నాడు. మా సంచీలో కర్రతో చేసిన తుపాకీ, పైన బాంబు అని రాసి ఉన్న అట్టపెట్టె ఉన్నాయి. పొద్దున్న తొమ్మిది గంటలవేళ అతను మమ్మల్ని మోకాటి లోతు నీళ్ళలో దింపేసి, అనుకున్న ప్రకారం పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దమ్మ, మేమింకా పడవ అంచెక్కి దిగబోతుండగానే మా కాళ్ళు చూసేసింది. "ఒరే, పడవలోన బూట్లేసుకున్నార్రా! ఈళ్ళు మనోళ్ళు కార్రోయ్, రండ్రోయ్!" అన్న కేక నాకు అలల హోరులో కూడా స్పష్టంగా వినబడింది. అంతే, ఊరు ఊరంతా ఇసుక మీద పరిగెత్తుకొచ్చింది. ముందు నాకు నవ్వొచ్చింది, భలే పట్టేశారే అనుకున్నాను. ఆ నవ్వు మీదే మొదటి దెబ్బ పడింది, రెండు పళ్ళు ఊడి నా నోట్లోనే ఉండిపోయాయి.

మేం పోలీసులం బాబూ అని మేనల్లుడు జేబులోంచి కార్డు తీసి చూపించాడు. "అలగే అంటారని సెప్పినార్రా! నమ్మకండి!" అని ఎవడో అరిచి, కార్డు నీళ్ళలోకి విసిరేశాడు. చదువొచ్చిన ఇంకొకడు సంచీ విప్పి పెట్టె మీద ఉన్న అక్షరాలు పైకి చదివాడు. బాంబు అన్న మాటతో జనానికి పూనకం వచ్చేసింది. వలతాళ్ళతో నా చేతులు వెనక్కి విరిచి కట్టారు, మెడ మీద కాలేసి మొహాన్ని ఇసుకలో నొక్కారు. రాళ్ళు, కర్రలు, తెడ్లు, ఏది దొరికితే అది. మేనల్లుణ్ణి నాకు నాలుగడుగుల దూరంలోనే పడేసి కొడుతున్నారు. వాడి చెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. మావా, మావా అని వాడు అరుస్తుంటే పాక్కుంటూ పోబోయాను, నడుం మీద మళ్ళీ తన్నారు. ఆ పెద్దమ్మ రెండు చేతులా తెడ్డెత్తి వాడి మొహం మీద వేసింది. వాడి ఎడమ కన్ను పోయింది. మావా అన్న పిలుపు ఆగిపోయింది. అక్కకు ఏం మొహం చూపించను అన్న ఒక్క మాటే నా బుర్రలో తిరుగుతోంది.

ఆ ఊరి పోలీసులు మరో చోట మాకోసం సరుగుడు తోటలో నక్కి కూర్చున్నారు. ఇద్దర్ని పట్టేసినాం, ఒకడు సచ్చిపోతన్నాడు, బేగి రండి అని జనమే ఫోను చేస్తే అప్పుడొచ్చారు. కసరత్తు విజయవంతం అని పైకి నివేదిక వెళ్ళింది. మేనల్లుడు నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉండి ఒంటికన్నుతో బతికి బయటపడ్డాడు.

కేసు కట్టేటప్పుడు అక్కడి ఇన్‌స్పెక్టరుగారు మెల్లగా, మనం చెప్పిందేగా చేశారు, పోనిద్దూ అన్నారు. నాకు వినబడితేనా! కట్లతోనే లేచి వెళ్ళి, వరసలో నిలబెట్టిన వాళ్ళలో ఆరుగురిని వేలుపెట్టి చూపించాను. మొదట చూపించింది ఆ పెద్దమ్మనే. వాళ్ళు జైలుకు పోయారు, బెయిలు కోసం పడవలు అమ్ముకున్నారు, కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ తరవాత మా ఉపన్యాసం మారింది. కొత్తవాళ్ళు కనబడితే దగ్గరకు పోవద్దు, ముట్టుకోవద్దు, ఫోను చేసి దూరంగా ఉండండి అనడం మొదలుపెట్టాం.

నాలుగైదేళ్ళకు నాకు ఆ స్టేషనుకే బదిలీ అయింది. ఒక గాలిరోజు పొద్దున ఆ ఊరి ఎదుటే, కెరటాలు విరిగేచోట, ఒడిశా వైపు నుంచి వచ్చిన పడవ బోల్తా కొట్టిందని ఫోనొచ్చింది. ఆ తీరంలో ఎవరి పడవైనా సరే, కెరటాల్లో చిక్కుకుంటే ఒడ్డునున్న ప్రతివాడూ చేతిలో పని పారేసి నీళ్ళలోకి దూకడం తాతల నాటి నుంచీ ఉన్న ఆచారం. మా జీపు వెళ్ళేసరికి ఊరంతా గట్టు మీద వరసగా నిలబడి ఉంది. ఒక్కరి బట్టా తడవలేదు. కింద ఇసుకలో మూడు శవాలున్నాయి, నాలుగోవాడు తనంతట తాను ఈదుకొచ్చి వాంతులు చేసుకుంటున్నాడు. పెద్దమ్మ నన్ను ఆనవాలు పట్టింది. కోపం లేకుండానే చెప్పింది.

"ఫోను సేసినాం బాబూ. కొత్తోళ్ళు, ముట్టుకోవద్దన్నారు కదా, మరి ముట్టుకోనేదు."

ఇప్పుడా తీరం నిండా స్తంభాలూ కెమెరాలూ వచ్చాయి, పడవలకు రంగులూ నంబర్లూ వచ్చాయి. మునుపటి కంటే భద్రంగా ఉందంటారు, ఉండొచ్చు, నేను కాదనను. మేనల్లుడికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పండక్కి వచ్చినప్పుడు వాడి మొహం చూస్తే కొట్టిన ఆ చేతుల మీద నాకు ఇప్పటికీ కోపం పొంగుతుంది. కానీ నీళ్ళలో పోయేవాణ్ణి జుట్టు పట్టి లాగి ఒడ్డున పడేసేవీ ఆ చేతులే. ఆ ముగ్గురూ పాతికేళ్ళయినా నిండని పిల్లలు, కేకేస్తే వినబడేంత దూరంలో పోయారు. వాళ్ళు ఎవరిని పిలిచారో, ఏమని పిలిచారో పెద్దమ్మను అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పదవీ విరమణ చేసినా ఆ ఊరు వెళ్ళి అడిగే ధైర్యం నాకు రాలేదు.