క్యారేజీ అడుగు గిన్నె

మొన్న సోమవారం నా స్కూటరు సర్వీసింగు నుంచి తెచ్చుకుని, చెప్పులు విడిచీ విడవకముందే ఫోను మోగింది. అవతల ఎవరో చిన్నపిల్ల. "మేడమ్, మా సర్వీసు ఎలా ఉందండీ? పదికి ఎన్ని మార్కులిస్తారండీ?" అంది. బండి కడిగారు, ఆయిలు మార్చారు, కుడివైపు అద్దం మాత్రం వదులుగానే వదిలేశారు. ఆ మాటే చెప్పాను. "పదికి పది రాకపోతే మాకు మాటొస్తుందండీ" అంది దిగులుగా. సరే తల్లీ, పదే వేసుకో అన్నాను. పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. బండి అమ్మేశాక చేసే సర్వీసు ఎలా ఉండాలో నేను కళ్ళారా చూసినదాన్ని. అది చేసింది రాజోలు బస్సూ, ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీనూ. ఆ సంగతి ఆ పిల్లకి చెబితే ఏ గడిలో రాసుకుంటుంది పాపం!

క్యారేజీ గురించి చెప్పాలంటే ముందు మా బాబాయి గురించి చెప్పాలి. నాన్నగారి తమ్ముడు. అమలాపురంలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే ప్రహరీలో ఉన్నాయి. ఐనవిల్లి వైపు కొబ్బరితోటలున్నాయి, మనిషికి చీకూ చింతా లేదు. యాభై దాటాక ఆయనకి విదేశీ మోటారుసైకిలు మీద మనసు పడింది. ఓడల మీద బళ్ళు తెప్పించి అమ్మే కంపెనీ ఒకటి అప్పుడే కాకినాడలో షోరూము తెరిచింది. వాళ్ళు బండికి దండేసి, బాబాయికి శాలువా కప్పి, కొబ్బరికాయ కొట్టి, "పార్టుల గురించి మీరేం బెంగెట్టుకోకండి, మా పూచీ" అన్నారట. కొబ్బరికాయలమ్ముకునే మనిషిని కొబ్బరికాయ కొట్టి నమ్మించారంటే వాళ్ళు సామాన్యులు కారు. బండి నల్లగా, పొడుగ్గా, నేలకి బాగా దగ్గరగా ఉండేది. దాని మోత వీధి మలుపులోనే వినబడేది. "మీ బాబాయి మలుపు తిరిగేటప్పటికి నేను కంచంలో అన్నం పెట్టేయొచ్చు" అనేది పిన్ని. విసుక్కున్నట్టే అనేది గాని, బుధవారం వినాయకుడి రోజని ఐనవిల్లి గుడికి ఆ బండి వెనకాలే కూర్చుని వెళ్ళేది. ఆ ఒక్కరోజూ తలలో పూలు కాస్త ఎక్కువే పెట్టుకునేది. ఆవిడకి చెబితే ఒప్పుకోదు, నేను చూశాను.

మొదటి సర్వీసింగు రోజున షోరూములో ఏసీ కింద కూర్చున్నప్పుడు బాబాయికి మాస్టారు పరిచయమయ్యారు. మామిడికుదురు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పేవారాయన. కోనసీమ మొత్తానికి మాకు తెలిసి ఆ రకం బళ్ళు రెండే, రెండోది మాస్టారిది. బాబాయి సరదాకి కొంటే ఆయన అవసరానికి కొన్నారు. ఆయన భార్య మాస్టారమ్మగారికి ఒక మోకాలు వంగదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. చర్చి కాలవ అవతల, గట్టు మీద మోటారుసైకిలు తప్ప ఇంకేదీ పట్టని దారి. ఎత్తు సీటు బండెక్కలేరు, స్కూటరు మీద కాలు ముడుచుకోలేరు. ఈ బండి మీదయితే పక్కకి కూర్చుని కాలు బారజాపుకోవచ్చు. అందుకని మాస్టారు ఉన్న పొలం ముక్కలో కొంత అమ్మి మరీ తెచ్చుకున్నారు.

రెండేళ్ళు బాగానే నడిచాయి. ఆ తరవాత ఒక వానాకాలం మాస్టారి బండి ఆగిపోయింది. ఇంజనుకి నిప్పురవ్వ అందించే నల్లపెట్టె ఒకటి ఉంటుంది, సబ్బుబిళ్ళంత. అది కాలిపోయింది. వేరే బళ్ళ పెట్టెలు తెచ్చి తగిలిస్తే ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది. కంపెనీకి ఫోను చేస్తే పార్టు షిప్పులో ఉందండీ అన్నారు. నెల పోయాక చేసినా షిప్పులోనే ఉంది. మాస్టారు మొహమాటస్థుడని ఆ ఫోన్ల పని బాబాయి నెత్తినేసుకున్నారు. ఫోనులో ముందు రికార్డు చేసిన అమ్మాయి గొంతు వస్తుంది కదా, మీ కాల్ మాకెంతో ముఖ్యమైనదని. బాబాయి ఆ గొంతుకి కూడా "ఆయ్, ఆయ్ అండీ, అలాగేనండీ" అని మర్యాదగా జవాబు చెప్పేవారు. ఓసారి ఓడలరేవు బీచికి వెళ్తే అందరం నీళ్ళలో ఆడుతున్నాం, ఆయన మాత్రం నడుం మీద చేతులేసుకుని సముద్రంకేసి చూస్తున్నారు. ఏంటి బాబాయీ అంటే, "మాస్టారి పెట్టె ఎందాకా వచ్చిందోనే అమ్మడూ" అన్నారు.

చివరికి ఆయనకే ఉండబట్టలేదు. ఒక ఆదివారం పొద్దున్నే తన బండిలోంచి పెట్టె ఊడదీయించారు. ఊడదీసింది నేనే, ఆయనకి చత్వారం. పెట్టె తీశాక తన బండి కదలదు కాబట్టి మామిడికుదురు మీదుగా పోయే రాజోలు బస్సుకి బయల్దేరారు. బయట జోరున వాన. మధ్యాహ్నానికని పిన్ని పులిహోర కట్టిచ్చిన క్యారేజీలో అడుగు గిన్నె ఖాళీగా ఉంటే, తడవకుండా పెట్టె అందులో పెట్టుకున్నారు. అక్కడ బిగించగానే బండి స్టార్టయిందట. మాస్టారమ్మగారు బండెక్కి కాలవ గట్టు మీద చర్చికి వెళ్ళిపోయారట. వెళ్తూనే పాట అందుకున్నారట, చర్చి దాకా కూడా ఆగలేదట. "ఇంకేం అడగనే? నోరు రాలేదు" అంటూ సాయంత్రం బాబాయి ఉత్త చేతులతో దిగారు. పెట్టె లేదు, క్యారేజీ లేదు. పిన్నికి పెట్టె పోయినందుకు కాదు, క్యారేజీ వదిలేసి వచ్చినందుకు కోపమొచ్చింది.

మర్నాడే రాజోలు బస్సు కండక్టరమ్మ బస్టాండులో నన్ను పిలిచి క్యారేజీ చేతికిచ్చింది. నేను పనిచేసే బ్యాంకు బస్టాండు పక్కనే. అడుగు గిన్నెలో పాత పంచె ముక్కలో చుట్టి పెట్టె, పై రెండు గిన్నెల్లో కొబ్బరి కేకు. ఎవరింటికైనా గిన్నె ఖాళీగా తిరిగి పంపుతామా మరి! బుధవారం గుడి అయిపోయాక, శుక్రవారం పిన్ని అదే క్యారేజీలో పెట్టె సర్ది, పైన పనసపొట్టు కూరా బొబ్బట్లూ పెట్టి పంపింది. అంతే, అది వాడుకైపోయింది. సోమవారం ఇటు, శుక్రవారం అటు. "బుధవారం వినాయకుడి దగ్గరా, ఆదివారం ఏసుప్రభువు దగ్గరా డ్యూటీ చేస్తందే ఇది" అని బాబాయి అందరికీ గొప్పగా చెప్పుకునేవారు. కండక్టరమ్మ నన్ను చూడగానే "ఈవేళ కూరేంటండీ?" అనడం మొదలెట్టింది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మాస్టారు వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ తాతలు ఇలాంటి తోటల్లోనే కూలి చేసినవాళ్ళు, ఇప్పుడు ఇంటికిద్దరు టీచర్లు. మొదటిసారి కేకు వచ్చినప్పుడు పిన్ని దాన్ని ముట్టుకోలేదు, ఒంటిపొద్దు అంది. రెండోవారమూ ఒంటిపొద్దే. మూడోవారం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి కేకు తింటోంది. నన్ను చూసి, "ఇందులో యాలక్కాయ వేసినట్టున్నారే" అంది, పరీక్ష చేస్తున్నట్టు. ఆ తరవాత ఒంటిపొద్దుల ఊసు లేదు. ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గాని, ఎవరి చేతికి ఉప్పెక్కువో, ఎవరింట్లో నిమ్మకాయ ఊరగాయ అయిపోవచ్చిందో ఇద్దరికీ తెలుసు. ఒకసారి చందువా వేపుడొచ్చింది. పెట్టెకి చేపల వాసన పట్టిందని, గుడికెళ్ళే ముందు బాబాయి దాని మీద పసుపునీళ్ళు చిలకరించబోతే, కరెంటు పెట్టె బాబాయీ అని నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఈలోగా ఆ కంపెనీ ఫోను పలకడం మానేసింది. బాబాయి కాకినాడ వెళ్ళి చూస్తే షోరూము లేదు, ఆ అద్దాల మేడలోనే పట్టుచీరల కొట్టు ఉంది. గుమ్మం దాకా వెళ్ళినవాడు ఊరికే ఎలా వస్తాడు, ఒక చీర కొనుక్కొచ్చారు. "పోనీలెండి, కంపెనీవాళ్ళ పేరు చెప్పి ఇదన్నా వచ్చింది" అంది పిన్ని చీర భుజాన వేసుకుని. మేము నవ్వాం గాని, ఇక మాకు దొరికే పెట్టె లోకంలో అదొక్కటేనని ఆ రోజు అర్థమైంది.

ఆ తరవాత ఏడాది, ఒక బుధవారం గుడికి వెళ్ళి వచ్చారు బాబాయి. గురువారం పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే కుర్చీలో ఒరిగిపోయారు. అంతే. ఇప్పటికీ ఈ వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాదు.

పదో రోజున మాస్టారు వచ్చారు. పిన్ని ఎదుట తలొంచుకుని కూర్చున్నారు, "మా సొంత అన్నగారు పోయినట్టుందండి" అన్నారు, కళ్ళు తుడుచుకున్నారు. బండి షెడ్డులోనే ఉంది, ఆయన కూర్చున్న చోటికి కనబడుతూనే ఉంది. అటు ఒక్కసారీ చూడలేదు. ఆయన వెళ్ళాక పిన్ని అడిగింది. "మాస్టారు బస్సులో వచ్చేరేవే?"

"పెట్టె మన దగ్గరే ఉంది కదా పిన్నీ" అన్నాను. "నేను ఊడదీసి పంపనా?"

"వద్దు" అంది. "బుధవారం కోసమని ఈసారి ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన చేత్తో బిగించేరు. అది అలాగే ఉండనీ."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడ చూస్తే ఆదివారాలు గడిచిపోతున్నాయి, మాస్టారమ్మగారు ఇల్లు కదలలేరు. ఇక్కడ చూస్తే ఆ మరలు పిన్నికి బాబాయి వేళ్ళ గుర్తు. ఎవరినని ఏమనను? క్యారేజీ కూడా వంటింటి గట్టు మీద కడిగి బోర్లించినట్టే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండా ఈ ఇంట్లోంచి వండిన గిన్నె ఇంకో ఇంటికి పోకూడదన్నారు చుట్టాలు. వండి పంపడానికి లేదు, ఖాళీగా పంపడానికి పిన్నికి చేతులు రావు. రోజూ దాన్ని చూస్తుంది, మళ్ళీ పనిలో పడుతుంది. కండక్టరమ్మ కూడా నన్ను చూసి తల దించుకుని వెళ్ళిపోయేది.

అలా నెల దాటిన తరవాత ఒక సోమవారం ఆవిడ నన్ను పిలిచింది. చేతిలో కొత్త స్టీలు డబ్బా. "మాస్టారమ్మగారు ఇమ్మన్నారండీ. ఉల్లీ వెల్లుల్లీ వెయ్యలేదని చెప్పమన్నారండీ" అంది. ఇంటికి తెచ్చి మూత తీస్తే ఆనపకాయ కూర, పెసరకట్టు. పెట్టె మాటే లేదు, అడగడం లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి దగ్గరివాళ్ళు వండి పంపే భోజనం. పిన్ని కంచంలో కలుపుకుని నాలుగు ముద్దలు తింది. అయిదో ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఆదివారం పాట ఎవరెత్తుతున్నారో ఏమో" అంది. అని భోరున ఏడ్చింది. బాబాయి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, "స్క్రూడ్రైవరు తేవే" అంది. నేను విప్పబోతే చేతిలోంచి లాక్కుంది. "ఆయన బిగించింది నేను విప్పుతాను" అంది. జన్మలో మరలు పట్టిన చెయ్యి కాదు, రెండుసార్లు జారి వేలికి గీసుకుంది, అయినా నన్ను ముట్టుకోనివ్వలేదు. శుక్రవారం కంద బచ్చలి వండింది. చుట్టాలేమంటారో అని నేను నసిగితే, "వాళ్ళకీ పెడతాలే" అంది. పెట్టె అడుగు గిన్నెలో పెట్టి, బాబాయి తువ్వాలు ముక్క చుట్టి పంపింది. ఇక అది మాస్టారిదే అనుకున్నాం.

సోమవారం క్యారేజీ తిరిగొచ్చింది. పైన కొబ్బరి కేకు, అడుగున పెట్టె. పిన్ని నిర్ఘాంతపోయి ఫోను చేసింది. "ఇదేంటి మాస్టారూ, ఇక్కడ నడిపేవాళ్ళెవరున్నారండీ?"

"నడపకపోతే మానెయ్యండమ్మా" అన్నారాయన. "ఆదివారం మాదీ, బుధవారం మీదీ అండి. ఆయనతో అలాగే మాటండి. ఆయన వంతు నేనెలా ఉంచేసుకుంటానండీ?"

అప్పట్నించి ప్రతి బుధవారం నేను పెట్టె బిగించి, బండి షెడ్డులోనే స్టార్టు చేసేదాన్ని. పిన్ని వీధరుగు మీద కూర్చుని ఇంజను ఆపేదాకా వినేది. కొన్నాళ్ళకి ఆ చప్పుడు మొదలవగానే లేచి వెళ్ళి కంచాలు పెట్టడం కూడా మొదలెట్టింది, నాకూ తనకీ.

కిందటి వానల్లో ఆ పెట్టె కూడా కాలిపోయింది. మెకానిక్కు ఇక లాభం లేదన్నాడు. అప్పటికి కాలవ గట్టు మీద సిమెంటు రోడ్డు పడింది, మాస్టారమ్మగారు ఇప్పుడు ఆటోలో కాలు చాపుకుని చర్చికి వెళ్తున్నారు. కంపెనీ వాళ్ళ షిప్పు ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. మార్కులడిగిన పిల్ల ఫోను పెట్టేశాక నేను మళ్ళీ బస్టాండుకి వెళ్ళాను, సోమవారం కదా. కండక్టరమ్మ రిటైరయింది, ఆ సీట్లో ఇప్పుడు ఇంకో అమ్మాయి. క్యారేజీ ఇంటికి తెచ్చి మూతలు తీస్తే పై గిన్నెల్లో కేకు, అడుగు గిన్నెలో, బాబాయి తువ్వాలు ముక్కలో చుట్టి, పనికిరాని ఆ నల్లపెట్టె. పిన్ని దాన్ని తీసి తుడిచి దేవుడి గూటి పక్కన పెట్టింది, శుక్రవారం మళ్ళీ సర్ది పంపాలి. ఎన్ని వారాలు గడిచిపోయాయో నేను లెక్కపెట్టుకోలేదు గాని, మా ఇంటికి బుధవారం మాత్రం ఇప్పటికీ రాజోలు బస్సులోనే వస్తోంది.