కండెలు కొలిచే పిన్నిగారు

“కంటికే ఆనని కణం ఎటు చీలితే నీకేం ఒరుగుతుందే?” అని తోడికోడలు ఒకసారి మొహం మీదే అడిగేసింది.

“కణానికింతని ఇస్తారక్కా” అంది పిన్నిగారు.

ప్రయోగశాలలో ప్రొఫెసరమ్మతో సహా అందరికీ ఆవిడ పిన్నిగారే. ముప్పై నాలుగేళ్లు సర్వే ఆఫీసులో పొలాల పటాలు గీసి రిటైరయింది. ఇప్పుడు చీలుతున్న కణాల బొమ్మల్లో కోణాలు కొలుస్తుంది. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. ఆవిడకి దాని మీద నమ్మకం లేదు. ప్లాస్టిక్ కోణమానినిని కంప్యూటర్ తెరకి ఆనించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి కొలుస్తుంది. తెర నిండా గీతలు పడ్డాయి. అవి కణంలోని దారాలనుకుని ఒక పరిశోధక విద్యార్థి వారం రోజులు నోట్సు రాసుకున్నాడు.

“కణం చీలేముందు లోపల దారాలతో నేతవాళ్ల కండె లాంటిది కట్టుకుంటుందక్కా. కండె ఎటు పడుకుంటే చీలిక దానికి అడ్డంగా పడుతుంది. దాన్ని తిన్నగా పడుకోబెట్టేవి ప్రొటీన్లు. ఒకటి కణం పొరని పట్టుకుంటుంది, ఇంకోటి దాన్ని పట్టుకుంటుంది, చివరిది దారం పట్టి లాగుతుంది. అన్ని వైపులా సరిగ్గా లాగితేనే కండె కుదురుగా ఉంటుంది.”

“మనం మంచం జరిపినట్టా?”

“అచ్చం అంతే. నడిమి ప్రొటీన్ లేదనుకో, కండె ఎటుపడితే అటు తిరుగుతుంది. పక్కపక్కన ఉండాల్సిన పిల్లకణాలు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కుతాయి.”

“మీ ఆయన మంచం ఓ కొస పట్టుకున్నా ఇంతేగా” అంది అక్క.

ఆ నెల ఆవిడ చేతిలో పడ్డవి ఆరువందల కణాలు, రెండు ప్లేట్లవి, అంటే కణాలు పెంచే మూత గిన్నెలవి. ఒక దాంట్లో నడిమి ప్రొటీన్ ఉంది, రెండో దాంట్లో లేదు. ఏది ఏదో ఆవిడకి చెప్పరు. చెబితే కళ్లు తమకు కావలసిందే చూస్తాయట. ఫలితం నిలబడితేనే డబ్బు.

గుట్టు విప్పేసరికి అంతా తలకిందులు. ప్రొటీన్ లేని కండెలు బుద్ధిగా పడుకున్నాయి. ఉన్నవి చిందులేస్తున్నాయి.

“పిన్నిగారూ, కోణమానిని తిరగేసి పెట్టుంటారు” అన్నాడు గీతల నోట్సు రాసిన విద్యార్థి.

“తిరగేస్తే పది డిగ్రీలు నూట డెబ్బై అవుతుంది నాయనా. చిందరవందర ఎలా అవుతుంది?”

మళ్లీ కొలిచింది. మళ్లీ అదే. ఇక ప్రొఫెసరమ్మకి కొత్త ఆశ పుట్టింది: అప్పటిదాకా అందరూ అనుకున్నది తప్పేమో! శాస్త్రవేత్తలు సత్యాన్వేషకులని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఈవిడ రెండ్రోజులు వ్యాసానికి శీర్షిక అన్వేషించింది. “మీ బిల్లు రేపే పంపిస్తాను” అని పిన్నిగారికి మాటిచ్చింది కూడా.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో కాఫీ నోట్లో పోసుకుని పిన్నిగారు గుటుక్కున మింగలేక, ఉమ్మలేక గుడ్లు తేలేసింది. ఉప్పు! అక్క డబ్బాలన్నీ తోమి మూతలు మార్చి పెట్టింది.

“మూతల మీద పేర్లు రాయొద్దని ఎన్నిసార్లు చెప్పానక్కా? డబ్బా మీద...” అంటూ ఆగిపోయింది. 

నోరు మూసుకుంటే బిల్లు వస్తుంది. ఆ సంగతి బస్సెక్కేటప్పుడూ ఆవిడకి తెలుసు, దిగేటప్పుడూ తెలుసు. పటంలో గట్టు జరిపి గీయడం మాత్రం ఆవిడ చేతకాదు.

“బాబూ, ప్లేట్ల పేర్లు ఎక్కడ రాశావు?” అని గీతల నోట్సు విద్యార్థిని అడిగింది.

“మూతల మీద.”

“మూతలు తీశావా ఎప్పుడైనా?”

“ఆవిరి పట్టిందని... తుడిచానండీ.”

“ఒక్కోటా?”

“రెండూ ఒకేసారి” అన్నాడు, తన బూట్లకేసి చూసుకుంటూ.

పరీక్ష చేయిస్తే ‘లేదు’ అని రాసిన ప్లేటులో ప్రొటీన్ పుష్కలంగా ఉంది. ప్రొఫెసరమ్మ శీర్షిక చెత్తబుట్టలోకి పోయింది. ఈసారి ప్లేటు అడుగున పేర్లు రాసి ప్రయోగం మళ్లీ చేశారు. కండెలు చెప్పినట్టు విన్నాయి.

పాత బిల్లుని మాత్రం లెక్కల గుమాస్తా తిప్పి పంపాడు, “రద్దయిన ప్లేట్లు” అని ఎర్రసిరాతో రాసి.

“తప్పింది మూత, కోణం కాదు” అని ఆవిడ దాని కిందే రాసి మళ్లీ పంపింది.

కొత్త కణాల డబ్బు ముట్టింది. ఆ పాత ఆరువందల కణాల డబ్బు ఇంకా రావాలి.