బావగారి మీద పంతం, నా మెడ మీద శీర్షాసనం

పెసరట్టు తిన్న అరగంటకే తలకిందులుగా నిలబడాలని మీలో ఎవరికైనా బుద్ధి పుడితే, ముందు నా మెడకు పట్టిన గతి వినండి. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. కొత్తపేటలో సిమెంటు కొట్టు. పొద్దుట కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేవడం, తిని మళ్ళీ కూర్చోవడం. ఇంతకు మించిన వ్యాయామం నేనెరగను. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు కూడా, మా ఆవిడ అన్నయ్య తలకిందులయ్యే దాకా.

ఆయనది రాజోలు. రెండు కుటుంబాలం కలిసి అప్పనపల్లి వెళ్ళాం. దర్శనానికి ఇంకా వేళ ఉందని గదిలో కూర్చున్నాం. బావగారు ఉన్నట్టుండి తువ్వాలు మడతపెట్టి, దానిమీద తల ఆనించి, రెండు కాళ్ళూ పైకి లేపేశారు! ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. మా ఆవిడ సత్యవతి అయితే, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నావైపు ఒక్కసారైనా చూడని చూపు ఆయన అరికాళ్ళ వైపు చూసింది.

"చూసేరా మా అన్నయ్య! యాభై దాటినా ఎలా నిలబడ్డాడో!"

"నిలబడ్డానికి దేవుడు కాళ్ళిచ్చాడు కదే!" అన్నాను. ఎవరూ వినలేదు.

బావగారు దిగి, కందగడ్డలాంటి మొహంతో నా భుజం తట్టారు. "రోజూ వెయ్యాలండి బావగారూ! రక్తమంతా మెదడుకెళ్తుంది. జ్ఞాపకశక్తి, కంటిచూపు, జుట్టు, అన్నీ బాగుపడతాయి. అయినా మీవల్ల కాదులెండి. మీది కుర్చీకి అలవాటుపడ్డ ఒళ్ళు."

విన్నారా? ఉన్న కాసిని వెంట్రుకలూ దువ్వుకునే నా ముందు జుట్టు మాట! వచ్చే ఆదివారం మా ఇంటికి టిఫినుకు రండి, నేనూ వేసి చూపిస్తానని అక్కడికక్కడే పంతం పట్టేశాను.

మర్నాడే మా ఊళ్ళో యోగా నేర్పే తులసమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. అరవై దాటినా వెన్ను కొబ్బరిచెట్టులా నిటారుగా ఉంటుంది.

"ఆదివారంలోగా శీర్షాసనం రావాలండి," అన్నాను.

"ఏ ఆదివారం బాబూ? సంక్రాంతి వెళ్ళేకా?"

"ఈ ఆదివారమేనండి."

ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, మధ్యలో పొట్ట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. "ముందు బీపీ చూపించుకోండి. బీపీ ఉన్నా, మెడనొప్పి ఉన్నా, కళ్ళ జబ్బున్నా దీని జోలికే వెళ్ళకూడదు. అవేం లేకపోతే భుజాలకి బలం రావడానికి మూడు నెలలు వేరే ఆసనాలు వేయిస్తాను. బరువు మోచేతుల మీద ఉండాలి గానీ తలమీద కాదు. వెనక గోడ, పక్కన మనిషి, ఖాళీ కడుపు, ఒంటికి పట్టుండే బట్టలు. కాళ్ళు ఎగరేయకూడదు. దిగేక వెంటనే లేవకూడదు, కాసేపు చాప మీద శవాసనం వెయ్యాలి."

"జుట్టు మొలుస్తుందాండి?"

"భుజాలు గట్టిపడతాయి, నిలకడొస్తుంది, మనసు కుదురుపడుతుంది. జుట్టు సంగతి నేను చెప్పలేను."

మూడు నెలలట! సిమెంటే ఒక్క రాత్రిలో గట్టిపడుతుంది, మనిషి భుజం గట్టిపడ్డానికి మూడు నెలలా? కోపంగా వచ్చేశాను.

ఆదివారం బావగారు, ఆయన భార్య వచ్చారు. బావగారికి తీసిపోకూడదని మూడు పెసరట్లు ఉప్మాతో తిని, ఆయన మూడు తిన్నారని నాలుగోది కూడా తిన్నాను. తర్వాత అందరినీ వరండాలోకి పిలిచాను. అక్కడ ఒక సమస్య ఎదురైంది. ముందురోజే మా కొబ్బరితోటలో కాయల దింపు తీయించడంతో వరండా గోడ పొడుగునా నా భుజం ఎత్తున కొబ్బరికాయల రాశి పోసి ఉంది.

"గోడేదండీ?" అంది సత్యవతి.

"ఇన్ని కాయల కంటే గట్టి గోడేముంటుంది?"

"పోనీ పంచె మార్చుకోండి."

"గోచీ పెడతానుగా!"

"కాళ్ళు నేను పట్టుకుంటానండి బావగారూ," అని ఆయన ముందుకొచ్చారు.

"ముట్టుకోవద్దు!" అని గర్జించి, రాశికి వీపు పెట్టి తల నేలకానించాను. నేల విడిచి సాము చేయకూడదంటారు పెద్దలు. నేను నేలను నెత్తిన పెట్టుకునే చేశాను. ఒక్క ఎగురు ఎగిరాను. ఏమాశ్చర్యం, కాళ్ళు పైకి లేచాయి!

నా కీర్తి మూడు క్షణాలు నిలిచింది. మొదటి క్షణంలో సత్యవతి చప్పట్లు వినిపించాయి. రెండో క్షణంలో నాలుగో పెసరట్టు వచ్చిన దారినే తిరుగుప్రయాణం కట్టింది. మూడో క్షణంలో గోచీ ఊడి, పంచె మొత్తం నాటకం తెరలా నా మొహం మీదికి దిగింది. చీకటైపోయింది. "అయ్యబాబోయ్!" అని ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నట్టున్నారు. కంగారులో కాళ్ళు ఝాడించాను. ఒక కాలు రాశికి తగిలింది. కొబ్బరికాయలకు మర్యాద తెలియదండీ! ఒకదాని వెనక ఒకటి కాదు, అన్నీ ఒకేసారి వచ్చేశాయి.

బావగారు కాయలు ఒక్కొక్కటే తీసి నన్ను బయటికి లాగేసరికి నా మెడ ఎడమవైపు తిరిగి అక్కడే ఉండిపోయింది.

అమలాపురంలో డాక్టరుగారు అడిగారు. "ఎలా జరిగిందండీ?"

"కొబ్బరికాయ పడిందండి." కోనసీమలో ఈ మాటను ఎవరూ అనుమానించరు.

"చెట్టుమీంచా?"

"ఆయ్."

"కాదండీ డాక్టరుగారూ," అంది సత్యవతి. "ఈయనే కాళ్ళతో తన్ని మీద పోసుకున్నారు." మొత్తం చెప్పేసింది, పంచెతో సహా. భార్య అన్నాక కొంచెం దాచుకోవద్దా?

డాక్టరుగారు నవ్వాపుకుంటూ బీపీ చూశారు. వెంటనే నవ్వు ఆగిపోయింది. "ఇంత బీపీతో తలకిందులయ్యేరా? అదృష్టం బాగుండి మెడతో పోయింది. ఇంకో నిమిషం అలాగే ఉంటే ఏమయ్యేదో!" అని మాత్రలు రాసి, మెడకు పట్టీ బిగించారు. అప్పుడు మాత్రం సత్యవతి ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.

పది రోజులకు బావగారి భార్య ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని ఒక్కర్తీ చూడ్డానికొచ్చింది. నాకు మళ్ళీ మండింది.

"బావగారు రాలేదేమ్మా? నా మెడ విరగ్గొట్టి మొహం చాటేశారా?"

"ఎలా వస్తారన్నయ్యగారూ? అప్పనపల్లిలో వేసిన దగ్గర్నించీ ఆయనకీ మెడ పట్టేసింది. బయటికెళ్తే పట్టీ తీసేసి, ఇంటికి రాగానే పెట్టుకుంటున్నారు. మొన్న మీమీద కాయలు తీయడానికి వంగేరు కదా, అప్పట్నించి మంచం దిగట్లేదు."

"అదేంటి? రోజూ వేస్తారుగా!"

"రోజూనా? అప్పనపల్లికి ముందురోజు రాత్రే ఫోన్లో చూసేరండి. అదే మొదలు, అదే ఆఖరు!"

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను ఇంకో నక్కను చూసి పెట్టుకున్నాను!

అందుచేత, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా అరికాళ్ళు ఆకాశం మొహం చూడవు. తులసమ్మగారు చెప్పినట్టు చాప మీద బుద్ధిగా శవాసనం వేస్తాను. బావగారు ఒంటికాలి మీద గోదావరి దాటినా సరే, పడుకునే చప్పట్లు కొడతాను.