మైనర్ అన్న మాట

మొన్న సాయంత్రం మా మనవరాలి ఇంగ్లీషు వర్కుబుక్కు చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఎడమ పక్క విశేషణాలు, కుడి పక్క నామవాచకాలు ఇచ్చి గీతలతో జత కలపమన్నారు. ఫేటల్‌కి క్రాష్, సీరియస్‌కి ఇంజ్యురీ, హెడాన్‌కి కొలిజన్, ఆఖరున మైనర్‌కి యాక్సిడెంట్. పెళ్లిసంబంధాలు కుదిర్చినట్టు ఎంత ముచ్చటగా కుదిర్చిందో పిల్ల! "మిస్ రైట్ కొట్టారు తాతయ్యా, నీకెందుకంత కోపం?" అని మూతి ముడుచుకుంది. కోపం రాదూ? మైనర్ యాక్సిడెంట్ అట! ఎవరికి మైనర్? నలిగింది ఎవరి కాలో అడక్కుండా ఇది చిన్నది, అది పెద్దది అని జతలు కట్టడానికి ఆ పుస్తకం రాసినవాడెవడండీ?

ఆ రోజుల్లో నేను కడియంలో ఒక నర్సరీలో ఉత్తరాలు రాసే గుమస్తాని. దేశంలో ఏ మూల మా మొక్క నాటినా దాని వెనక నా ఇంగ్లీషు ఉండేదనీ, కలెక్టరు గారంతటివారు కూడా విశేషణం దగ్గర సందేహం వస్తే నాకే కబురు పెట్టేవారనీ ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధమండి. కలెక్టరు గారు ఊళ్లోకి వచ్చినప్పుడు బంతిపూల దండ పట్టుకుని మూడో వరసలో నిలబడ్డాను. ఆ దండ కూడా మేనేజరు గారు నా చేతిలోంచి లాక్కుని తానే వేశారు. నా ఇంగ్లీషంతా జేబులో పెట్టుకు తిరిగే చిన్న డిక్షనరీ పుణ్యం.

మా మేనత్త కూతురు అదే నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టేది. పదిహేనేళ్లుంటాయి. ఒకరోజు పొద్దున్న, మొక్కల లోడు కోసం వెనక్కి వస్తున్న లారీకీ పిట్టగోడకీ మధ్య ఆమె కాలు ఇరుక్కుని నలిగిపోయింది. రాజమండ్రి డాక్టరు గారు కట్టు కట్టి, ఎముక ముక్కలైంది, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషను చేయించండన్నారు. యజమాని గారేమో పని మీద కలకత్తాలో ఉన్నారు. ఆయన మాట లేనిదే షెడ్డులోంచి కారు తీయనన్నారు మేనేజరు గారు. యజమానికి టెలిగ్రాం ఇచ్చే పని నా మీద పడింది.

ఆ తర్వాత సంగతి నేను యాభై ఏళ్లుగా ఒకేలా చెబుతున్నాను. మైనరంటే పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల అని మాత్రమే తెలిసిన అమాయకుణ్ని, పిల్లకి జరిగింది కనక మైనర్ యాక్సిడెంట్ అని రాశాననీ, పెద్దవాళ్లకి జరిగితే మేజర్ అని రాసి ఉండేవాణ్ననీ! కలకత్తాలో ఆయన దాన్ని చిన్న దెబ్బ కాబోలని చదువుకుని, కట్టు కట్టించండి, పని చూసుకుని వస్తానని జవాబిచ్చారు. ఐదో రోజున వచ్చి, పిల్లని చూసి, అరుగు మీద కూలబడ్డారు. అప్పటికప్పుడు కారులో తీసుకెళ్లినా విశాఖ డాక్టర్లు చేయగలిగింది సగమే. ఈ కథ విన్నవాళ్లు నా ఇంగ్లీషుకి జాలిపడేవారు. మన వైపు మైనరంటే సిల్కు లాల్చీ వేసుకు తిరిగే సోగ్గాడు కూడాను, యజమాని అలా అర్థం చేసుకోలేదు, నయమే అని నేనే ఒక ఛలోక్తి కలిపి నవ్వించేవాణ్ని.

అదీ అబద్ధమేనండి. టెలిగ్రాం కాగితం మీద మొదట నేను రాసింది సీరియస్. మేనేజరు గారు నా భుజం మీంచి చూసి, "ఏంటయ్యా, ఆయన్ని అక్కడే గుండాగిపొమ్మంటావా? పనివాళ్లని చూసుకోవడం రాదని ముందు నన్ను పీకేస్తారు. కొట్టేసి, చిన్న మాటేదైనా వెయ్యి" అన్నారు. డిక్షనరీ తీశాను. మైనర్‌కి రెండర్థాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, రెండూ చదివాను. మేనేజరుకి కావలసిన అర్థం ఆయనకి, నా మనస్సాక్షికి కావలసిన అర్థం దానికి! నా తెలివికి నేనే మురిసిపోయి, పోస్టాఫీసు నుంచి తిరిగొస్తూ సైకిలు మీద ఈల వేశాను. ఆ ఈల తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వర్కుబుక్కు చూసిన మర్నాడే కడియం వెళ్లాను. మా మరదలు ఇప్పటికీ ముక్కాలిపీట మీద కూర్చుని అంట్లు కడుతోంది, పొట్టిదైపోయిన కాలి కింద ఇటుక పెట్టుకుని. ఈల దాకా అంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండా వింది.

"మైనరంటే ఏంటి బావా?"

"చిన్నది" అన్నాను.

ఇటుక మీది కాలు చూసుకుంది. "అయితే నువ్వు రాసినట్టే అయ్యిందిలే. చిన్నదే అయ్యింది."

కాఫీ తాగుతావా అని అడగలేదు. ఇన్నేళ్లలో ఆమె అడక్కపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు టెలిగ్రాంలు లేవు. ఎవరి కాలు నలిగినా నిమిషంలో ఫొటో వెళ్లిపోతుంది. ఏ మాట వెయ్యాలో తేల్చడానికి నాలాంటి గుమస్తా కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. టీవీవాళ్లయితే ప్రతిదానికీ ఘోరం అని ఎర్రక్షరాలతో అరుస్తారు, విని విని మనం ఛానెల్ మార్చేస్తాం. ఆ రోజున మాత్రం ఒక్క మాట చాలు, కారు కదిలేది. అది నాకు తెలియక కాదు. రాసి, కొట్టేశాను.